గౌరామి చేపల్లో మగదేది? ఆడదేది?

భీమవరం: బొచ్చె, శీలావతి చేపల్లో మగదేదో ఆడదేదో చెప్పడం ఈ ప్రాంతంలోని హేచరీ కార్మికులకు పెద్ద పనేమీ కాదు. సీజనులో తల్లిచేపను చేతుల్లోకి తీసుకుని ఛాతీ రెక్కను వేలితో నిమురుతారు. గరుకుగా తగిలితే మగది, నునుపుగా ఉంటే ఆడది. పొట్టను మెల్లగా నొక్కినప్పుడు పాలవంటి ద్రవం వస్తే ఇక సందేహమే ఉండదు. అదే కార్మికుడు ఇంట్లో పిల్లల ముచ్చట కోసం కొన్న గాజు తొట్టి ముందు నిలబడి, అందులోని రెండు నీలి గౌరామి చేపలను చూసి ఏది మగదో చెప్పమంటే మాత్రం తటపటాయిస్తాడు. వేలెడంత చేపను పట్టుకుని నిమిరే వీలుండదు. పట్టుకుంటే పైజిగురు పోతుంది, పొలుసు రాలుతుంది, బెదిరిన చేప రెండు రోజులు మేత ముట్టదు. గౌరామిని కంటితో చూసే తేల్చుకోవాలి.

అలా తేల్చుకోకుండా కొనడం వల్ల జరిగే నష్టం చిన్నదేమీ కాదు. అక్వేరియం దుకాణానికి వెళ్లిన వారిలో చాలామంది 'ఒక జంట ఇవ్వండి' అని అడుగుతారు. దుకాణదారు వలకు చిక్కిన రెండింటిని ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చేస్తాడు. ఆ రెండూ మగవైతే, వారం పది రోజులకు ఒకటి తొట్టి మూలకు చేరుతుంది. మేతకు రాదు. రెక్కల అంచులు చీలికలవుతాయి. రెండో చేప దాన్ని గాలి పీల్చుకోవడానికి కూడా పైకి రానివ్వదు. ఒకరోజు ఉదయం అది వెల్లకిలా తేలుతుంది. నీరు పాడైందనో, మేత ఎక్కువైందనో, దుకాణదారు జబ్బు చేపను అంటగట్టాడనో ఇంట్లోవారు అనుకుంటారు. కొందరైతే చనిపోయిన దాని స్థానంలో మళ్లీ మగదాన్నే తెచ్చి వేస్తారు. తంతు మొదటికి వస్తుంది.

మగవాటికి పోరెందుకు?

గౌరామి మన కొర్రమీను, ఇంగిలాయి మాదిరిగానే నేరుగా గాలి పీల్చగల చేప. మొప్పలపై భాగంలో మడతలు మడతలుగా ఉండే ప్రత్యేక అవయవం ఒకటి దీనికి ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని లాబిరింత్ అంటారు. కొద్దికొద్దిసేపటికి నీటిపైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందికి పోవడం ఈ చేప నైజం. కొత్తగా పెంచేవారు దీన్ని చూసి, నీటిలో ప్రాణవాయువు చాలడం లేదని కంగారుపడి ఎయిర్ పంపు వేగం పెంచుతుంటారు. అక్కరలేదు.

ఈ గాలితోనే మగ గౌరామి ఇల్లు కడుతుంది. నోటిలోని జిగురుతో గాలిని కలిపి బుడగలు వదులుతూ నీటి ఉపరితలంపై నురగ గూడు అల్లుతుంది. గుడ్లు ఉండేది అందులోనే, పిల్లలు పొదిగేదీ అందులోనే. గూడు కట్టిన చోటు చుట్టూ జాగా అంతా తనదేనని అది భావిస్తుంది. మరో మగది ఆ దరిదాపులకు వస్తే ఊరుకోదు. చెరువుల్లో, వరిచేలలో, మడుగుల్లో అయితే ఓడిన చేప దూరంగా పారిపోతుంది. రెండడుగుల తొట్టిలో ఎక్కడికి పోతుంది? ఈ చేపలో మగ, ఆడ గుర్తించడం ముచ్చట కోసం కాదు, వాటి ప్రాణం కోసం అనడానికి కారణం ఇదే.

ఆధారం వీపు రెక్కే

గౌరామి రకాలు ఎన్ని ఉన్నా, ఎక్కువ వాటిలో మొదట చూడవలసింది వీపుమీది రెక్క. మగదానిలో ఇది పొడవుగా సాగి, చివర కొసదేరి ఉంటుంది. రెక్కను వెనక్కి వాల్చినప్పుడు ఆ కొస తోక మొదలును దాటి పోతుంది. ఆడదానిలో అదే రెక్క పొట్టిగా, చివర గుండ్రంగా ఉండి తోక దాకా రాదు. దుకాణాల్లో సర్వసాధారణంగా దొరికే బ్లూ గౌరామి, దాని నుంచి పెంపకందారులు తీసిన గోల్డ్, మచ్చల ఓపలైన్ రకాల్లో మగదాన్ని పోల్చుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు. ఎందుకంటే వీటిలో రెండింటి రంగూ దాదాపు ఒక్కటే. ఆగ్నేయాసియాకు చెందిన ఈ చేపను 'మూడు చుక్కల గౌరామి' అని కూడా అంటారు. ఒంటిమీద ఎంత వెతికినా రెండు చుక్కలే కనిపిస్తాయి, ఒకటి నడుమ, ఒకటి తోక మొదట్లో. మూడో చుక్క దాని కన్నే.

రెక్క చూడటమంటే చేప నిలకడగా ఉన్నప్పుడు పక్కనుంచి చూడటం. బెదిరిన చేప రెక్కలన్నీ ఒంటికి అంటించుకుంటుంది. అప్పుడు మగదైనా ఆడదానిలాగే అగుపిస్తుంది. వల తొట్టిలో పెట్టకముందే చూడాలి. అయిదు నిమిషాలు ఆగితే చేపలు మళ్లీ తిరుగుతాయి. రెండు చేపలు ఎదురుపడి ఒకదాన్నొకటి బెదిరించుకునేటప్పుడు రెక్కలు నిటారుగా విప్పుతాయి. ఆ క్షణంలో కొసదేరిన రెక్క, గుండ్రటి రెక్క స్పష్టంగా తెలిసిపోతాయి.

మరో సంగతి చేప వయసు. దుకాణాల్లో ఎక్కువగా అమ్మేది అంగుళంన్నర, రెండంగుళాల పిల్లలను. పెద్ద జాతి గౌరామిల్లో ఆ వయసుకు రెక్క ఇంకా రూపు దిద్దుకోదు. నీలి గౌరామి మూడంగుళాలు దాటాకే గుర్తులు తేటపడతాయి. అంతకంటే చిన్నదాన్ని చూపించి 'ఇది పక్కా ఆడది' అని ఎవరైనా హామీ ఇస్తే ఆ మాటకు విలువ లేదు. అమ్మేవారు మోసం చేస్తున్నారని కాదు, ఆ దశలో వారికీ తెలియదు.

రంగు చెప్పే రకాలు కొన్ని

పెర్ల్ గౌరామిలో పని మరికొంత సులువు. ఒళ్లంతా ముత్యాలు అద్దినట్లు తెల్లని చుక్కలు, ముక్కునుంచి తోకదాకా ఒక నల్లని గీత ఉండే ఈ చేపలో ఎదిగిన మగదానికి గొంతు, రొమ్ము భాగం నారింజ ఎరుపులోకి తిరుగుతుంది. జతకట్టే కాలంలో ఆ ఎరుపు నిప్పులా కనిపిస్తుంది. కింది రెక్క చివర దారపు పోగుల్లాంటి కొసలు వేలాడతాయి. ఆడదాని గొంతు వెండిరంగులోనే ఉండిపోతుంది. గౌరామిలలో నెమ్మదైనదిగా దీనికి పేరు. మొదటిసారి పెంచేవారు నీలి గౌరామి కంటే దీన్ని ఎంచుకోవడమే మేలు.

మూన్‌లైట్ గౌరామిది ఒళ్లంతా వెండి తళుకు. మగ, ఆడ తేడా ఆ వెండిలో కాక పొట్ట కింద మీసాల్లా వేలాడే రెండు పొడవాటి రెక్కల్లో తెలుస్తుంది. గౌరామిలు చుట్టూ ఉన్నవాటిని తడిమి చూసేది ఈ మీసాలతోనే. మూన్‌లైట్ మగదాని మీసాలు నారింజ నుంచి ఎరుపు రంగు వరకు ఉంటాయి. ఆడదానివి రంగు లేకుండానో, లేత పసుపుగానో ఉంటాయి.

డ్వార్ఫ్ గౌరామిలో ఎవరూ పొరబడనక్కరలేదు. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల్లో పుట్టిన ఈ చిన్న చేపలో మగదానికి ఎరుపు, నీలం చారలు ఒకదాని పక్కన ఒకటి మెరుస్తాయి. ఆడది బూడిద కలిసిన వెండి రంగులో, మగదానికంటే కాస్త చిన్నగా ఉంటుంది. చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ వెలసిన రంగు చేపను కొనేవారు ఉండరు కాబట్టి దుకాణాలకు ఆడవి రావడమే అరుదు. రంగురంగుల డ్వార్ఫ్ గౌరామిలు పదిహేను ఉన్న తొట్టిలోంచి ఏ రెండింటిని ఎంచినా అవి రెండూ మగవే అయ్యే అవకాశం ఎక్కువ. పూర్తి నీలం, పూర్తి ఎరుపు రకాలదీ అదే కథ. 'రంగుగా ఉన్నవి జంట ఇవ్వండి' అని అడిగితే పోట్లాటను డబ్బిచ్చి కొన్నట్లే. ఈ రకంలో జంట కావాలనుకున్నవారు ఆడచేపను ప్రత్యేకంగా చెప్పి తెప్పించుకోవాలి. లేదంటే ఒక్క మగదాన్నే పెంచాలి. ఒంటరిగా ఉన్నా దానికి లోటేమీ లేదు.

పండితుడూ పొరబడ్డాడు

హనీ గౌరామి సంగతి వేరు. ఇదీ గంగా, బ్రహ్మపుత్ర నీళ్లదే. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై 1822లో గ్రంథం ప్రచురించారు. మన చేపల శాస్త్రీయ నామాల్లో చాలా వాటికి ఆ గ్రంథమే మూలం. అందులో ఆయన 'చునా' అని ఒక చేపను, 'సోటా' అని మరో చేపను వేర్వేరు జాతులుగా వర్ణించారు. నిజానికి అవి రెండూ హనీ గౌరామిలే. మగ, ఆడ రంగుల్లో అంత తేడా ఉండటంతో ఒకే జాతి అని ఆయనకు తోచలేదు. ఇప్పుడు చునా అన్న పేరే నిలిచింది.

ఆ తేడా ఎలాంటిదంటే, జతకు సిద్ధమైన మగ హనీ గౌరామి ఒళ్లంతా తేనెరంగుకు, నారింజకు తిరుగుతుంది. ముఖం నుంచి పొట్ట కింది భాగం దాకా నల్లని నీలం కమ్ముకుంటుంది. ఆడది మాత్రం లేత బూడిద, పసుపు కలిసిన ఒంటిపై నడుమగా ఒక గోధుమరంగు గీతతో నిరాడంబరంగా ఉంటుంది. అయితే ఇది జతకట్టే వేళ ముచ్చట. దుకాణంలో బెదురుతో ఉన్న మగ హనీ గౌరామి రంగు వెలిసి, అదే గోధుమ గీతతో అచ్చం ఆడదానిలా కనిపిస్తుంది. హామిల్టన్ ఒక జాతిని రెండుగా చూస్తే, దుకాణంలో కొనేవారు రెండింటినీ ఒకటిగా చూస్తారు. ఇంటికి తెచ్చి మొక్కలున్న తొట్టిలో వేసి రెండు మూడు వారాలు గడిస్తే గాని నిజం బయటపడదు. ఈ రకాన్ని నాలుగైదు కలిపి కొనడమే పద్ధతి. అంగుళంన్నర, రెండంగుళాల చేప కాబట్టి చోటూ ఎక్కువ అక్కరలేదు.

ముద్దు కాదు, కుస్తీ

కిస్సింగ్ గౌరామి పేరు విన్నవారెవరైనా ఎదురెదురుగా మూతులు ఆనించుకునే రెండు చేపలను తలచుకుంటారు. వాటిని మగ, ఆడ జంటగా భావించి మురిసిపోతారు. దుకాణాల్లోనూ అలాగే చెప్పి అమ్ముతారు. ఆ మూతుల కలయిక చాలాసార్లు బలాబలాలు తేల్చుకునే పోటీ. రెండూ మగవే కావచ్చు. ఈ చేపలో వీపు రెక్క పద్ధతి పనిచేయదు, రంగు తేడా లేదు. గుడ్లతో నిండిన ఆడది పైనుంచి చూసినప్పుడు కాస్త వెడల్పుగా కనిపించడం తప్ప కంటికి తెలిసే గుర్తే లేదు. పైగా ఇది అడుగు పొడవు దాకా పెరగగల జాతి. ఇంటి తొట్టికి ఇది తగదు.

పొట్టను నమ్మితే

ఆడచేప పొట్ట గుండ్రంగా ఉంటుందన్నది అందరికీ తెలిసిన మాట. నిజమే గాని గౌరామిలో దాన్ని ఒక్కదాన్నే ఆధారం చేసుకోకూడదు. మేత ఎక్కువ తిన్న మగదాని పొట్టా ఉబ్బుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది జబ్బు. డ్వార్ఫ్ గౌరామిలకు ఇరిడోవైరస్ అనే వ్యాధి ఒకటి పట్టుకుని ఉంది. అది సోకిన చేప మేత మానేస్తుంది, రంగు వెలిసిపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒంటిపై పుండ్లు పడతాయి. దీనికి మందు లేదు. రంగు తగ్గి పొట్ట పెరిగిన మగ డ్వార్ఫ్ గౌరామిని చూసి, గుడ్ల మీదున్న ఆడచేప దొరికిందని సంబరపడి ఇంటికి తెచ్చుకుంటే మిగిలిన డ్వార్ఫ్ గౌరామిలకూ అంటుకునే ముప్పుంది. గుడ్లున్న ఆడచేప చురుగ్గా తిరుగుతుంది, మేతకు ముందుకొస్తుంది. అడుగున కూర్చుని ఊపిరి భారంగా తీస్తున్నా, పొలుసులు లేచి నిలబడి ఉన్నా అది ఆడతనం కాదు, రోగం.

అణగిపోయిన మగది కూడా మోసం చేస్తుంది. ఒకే తొట్టిలో బలమైన మగది ఉంటే బలహీనమైనది రంగు తగ్గించుకుని, వీపు రెక్క ముడుచుకుని తిరుగుతుంది. దెబ్బ తినకుండా ఉండే ఉపాయమది. పైచేయిగా ఉన్న చేపను వేరుచేస్తే నాలుగైదు రోజుల్లో రెండోదాని రంగు విచ్చుకుంటుంది. చిరిగిన రెక్కతో ఉన్నదాన్ని చూసి గుండ్రటి రెక్క అని పొరబడటమూ తరచు జరిగేదే. అంచు నునుపుగా గుండ్రంగా ఉందా, తెగి ఉందా అన్నది దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

కొనేటప్పుడు, కొన్నాక

మన జిల్లాల్లోని దుకాణాలకు రంగుచేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా వైపు నుంచి వస్తుంటాయి. రైలు, బస్సు ప్రయాణం చేసి వచ్చిన రోజున ఏ చేప రంగూ నిలకడగా ఉండదు. సరుకు దిగిన రెండు మూడు రోజుల తర్వాత వెళితే రంగు, రెక్క రెండూ కుదురుకుని ఉంటాయి. ఉదయం మేత వేసే వేళ ఇంకా మంచిది. దుకాణదారుకు ఏ చేప కావాలో వేలితో చూపించి పట్టించుకోవాలి. ఎంపికకు ఒప్పుకోని దుకాణంలో జంట కోసం డబ్బు పెట్టకపోవడం మంచిది.

లెక్క విషయానికొస్తే ఒక మగదానికి ఒక ఆడది అన్నది మనుషుల లెక్క. జతకు తొందరపడే మగది ఒక్కటే ఉన్న ఆడదాన్ని రోజంతా తరుముతుంది. దానికి గుడ్లు సిద్ధంగా లేకపోతే దెబ్బలూ తప్పవు. నీలి గౌరామిలో ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే ఆ తాకిడి పంచుకుంటాయి. నీటిపై తేలే మొక్కలు, నాచు గుబురుగా ఉంటే దాక్కోవడానికి చాటు దొరుకుతుంది.

ఇప్పటికే ఇంట్లో రెండు మగవి ఉన్నాయని తేలితే వాటిని వేరుచేయడం ఒక్కటే మార్గం. తొట్టి మధ్యలో గాజు పలక అడ్డుపెట్టడం తాత్కాలికంగా పనికొస్తుంది. దుకాణదారు మార్చి ఇవ్వడానికి ఒప్పుకుంటే సరే. అంతేగాని విసుగుపుట్టి కాలువలోనో చెరువులోనో వదిలేయరాదు. నీలి గౌరామి మన నీటి చేప కాదు. గాలి పీల్చి మురుగులోనూ బతకగలదు కాబట్టి ఒకసారి పాతుకుంటే తీయడం కష్టం.

గూడు కడితే

ఇన్ని గుర్తులు చూసినా సందేహం తీరనప్పుడు చేపే జవాబు చెప్పే సందర్భం ఒకటుంది. నీటిపై నురగ గూడు కడుతున్నది మగదే. ఆడది లేకపోయినా ఒంటరి మగది గూడు కట్టవచ్చు. గూడు కట్టలేదు గనుక ఆడదే అనుకోవడం మాత్రం తప్పు. ఫిల్టరు నుంచి వచ్చే ధార బుడగలను చెదరగొడుతుంటే ఏ మగదీ గూడు నిలబెట్టలేదు. ధార తగ్గించి, నీటిమట్టం ఆరేడు అంగుళాలకు దించి, వేడి 27, 28 డిగ్రీల వద్ద నిలిపితే నీలి గౌరామి రెండు మూడు రోజుల్లోనే పని మొదలుపెడుతుంది.

గూడు కింద మగది ఆడదాని చుట్టూ విల్లులా వంగి చుట్టుకుంటుంది. గుడ్లలో నూనె ఉండటంతో అవి పైకి తేలతాయి. తప్పిపోయిన వాటిని మగది నోటితో ఏరి గూట్లో పెడుతుంది. జత పూర్తయిన వెంటనే ఆడదాన్ని వేరే తొట్టిలోకి మార్చాలి. అప్పటిదాకా పిలిచిన మగదే ఇప్పుడు దాన్ని గుడ్లకు శత్రువుగా చూస్తుంది. చిన్న తొట్టిలో ఆడచేపలు ఎక్కువగా చనిపోయేది ఈ ఘట్టంలోనే. మగ, ఆడ ఏదో ముందుగా తెలిసి ఉండకపోతే వలలోకి ఏది రావాలో ఆ తొందరలో తేల్చుకోలేరు.

ఒకటి, ఒకటిన్నర రోజుల్లో గుడ్లు పగులుతాయి. మరో రెండు మూడు రోజులకు పిల్లలు స్వయంగా ఈదుతాయి. అప్పుడు మగదాన్ని కూడా తీసేయాలి, లేకపోతే పిల్లలను తినేస్తుంది. వెంట్రుక ముక్కల్లా ఉండే ఈ పిల్లలకు మొదటి మేత ఇన్‌ఫ్యూసోరియా. అరటితొక్కో, ఎండిన ఆకో నీటిలో నానబెట్టి నాలుగైదు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు పుడతాయి. వారం పది రోజుల తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా పెట్టవచ్చు. తీరంలో రొయ్యల హేచరీలు ఉన్న ఊళ్లవారికి ఈ పేరు కొత్తేమీ కాదు. పిల్లల్లో గాలి పీల్చే అవయవం ఏర్పడటానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటివరకు తొట్టిపై మూత తీయకూడదు. ధనుర్మాసపు చలిగాలి సూటిగా తగిలితే రాత్రికి రాత్రే పిల్లలు పోతాయి.

ఆ పిల్లల్లో మగవేవో ఆడవేవో అప్పుడే వెతకబోతే కనిపించదు. నెలలు గడిచి, మూడంగుళాలు దాటి, వీపు రెక్కల కొసలు ఒక్కొక్కటిగా సాగడం మొదలయ్యాక మగవాటిని వేరే తొట్టిలోకి మార్చుకోవాలి.